ఎర్రజెండా రోజు

కాగితం ఛత్రపురం నుంచి వస్తుంది, ఒడియాలో.
నేను దాన్ని తెలుగు చేసి
ఆటోలో కూచుని మైకులో చదువుతాను.
పదకొండేళ్ళుగా ఇదే పని.
నాలుగు వందలిస్తారు, ఆటో బాడుగ వేరే.

"రేపు ఉదయం ఆరు మొదలు సాయంత్రం ఆరు దాకా
గోలబంధ రేంజిలో ఫైరింగ్.
సముద్రంలోకి పడవలు దించుట నిషేధం."
నిషేధం అంటే మా ఆర్జిపల్లిలో ఎవరికీ పట్టదు.
అందుకే చివర నా సొంతంగా
"ఎల్లకండర్రా" అని కలుపుతాను.
కాగితంలో లేని ఆ ఒక్క మాటే వింటారు.

తెల్లారితే ఇసక దిబ్బ మీద ఎర్రజెండా.
ఆ పూట కొన్ని పొయ్యిల్లో పిల్లి లేవదు.

సూరాడ దానమ్మ పడవ నీడన వల అల్లుకుంటుంది.
ఆమె వలకున్న గుళ్ళలో మూడు
సీసానివి కావు.
సముద్రంలో దొరికిన గుండు ముక్కలు.
ఒకటి ఆమె పెనిమిటి వలను నిలువునా చీల్చిందట;
దాన్నే ఇప్పుడు వలకి కట్టింది.
"పారేస్తే ఏటొస్తాది బాబూ,
బరువు బరువే గదా."

మధ్యాహ్నం టీ బడ్డీలో టీవీ.
ఆకాశంలో ఆయుధాలు పెట్టాలా వద్దా అని
కోట్లు తొడుక్కున్న నలుగురు
ఒకరి మాట ఒకరు విననివ్వడం లేదు.
రిటైరైన హవల్దారు దండపాణి
గ్లాసు కింద పెట్టాడు:
"అవతలోడు కత్తి నూరతంటే
మనం కత్తిపీట ముందేసుకుని కూకోవాలేటి?"
అతనికి ఎడమ చెవి వినపడదు.
ఎక్కడ పోయిందో ఎవరికీ చెప్పలేదు.
అతని మాట నేను తోసెయ్యలేను.
తోసెయ్యగలిగే వాళ్ళెవరూ
సరిహద్దులో కాపలా కాసి ఉండరు.

కానీ పెద్ద తుఫాను ఏడు
నా చేతికి వేరే కాగితం వచ్చింది.
గాలి ఇంకా నాలుగు రోజుల దూరాన ఉండగానే
పైనుంచి ఏదో కన్ను చూసి చెప్పిన కాగితం.
గొంతు పోయేదాకా చదివాను.
ముసలమ్మల్ని భుజాన వేసుకుని
ఊరంతా బడి మేడ ఎక్కింది.
మర్నాడు దిగి చూస్తే పడవల్లేవు, చూరుల్లేవు.
మనుషుల్ని లెక్కపెట్టాం.
సరిపోయారు.

ఆ కన్ను ఏ దేశానిదో ఆ రాత్రి ఎవరడిగారు?

దానమ్మ మామ గొల్లకావిడి చూసి,
పిల్లలకోడి చూసి ఒడ్డు పట్టేవాడట.
ఇప్పుడు కదిలే చుక్కలే ఎక్కువ.
బరంపురం కాలేజీలో చదివే మనవడు కొర్లయ్య
వాటి దారులు వేలితో గీసి చూపిస్తాడు.
నిన్న చీకట్లో చెబుతున్నాడు:
"ఒకదాన్ని పేల్చితే ముక్కలు రాలవు నానమ్మా.
తూటా కంటే జోరుగా తిరుగుతాయి.
ఇంకోదానికి తగుల్తాయి. అది పగుల్తాది."

"పడవా?"

"ఏళ్ళూ పూళ్ళూ పడవు."

"అయితే దానికి అడుగు లేదన్నమాట,"
అంది దానమ్మ,
వల మీద నుంచి తలెత్తకుండా.
"అడుగు లేని నీళ్ళలో
ఇరిగింది ఎక్కడ మునుగుతాది?"

దండపాణి బీడీ వెలిగించుకున్నాడు.
మాట్లాడలేదు.
వినపడని చెవి వైపు కూచున్నామేమో.

అప్పట్నుంచీ నాకొకటే తలపు.
రేపెప్పుడో ఆ కాగితమూ వస్తుంది.
తెలుగు చెయ్యాల్సింది నేనే.
ఏ దిబ్బ మీద జెండా అని రాసుంటుంది?
ఎవరిని వెళ్ళొద్దని అరవాలి?
ఎన్నింటి మొదలు అన్నది ఉంటుందేమో గానీ
'దాకా' అన్న మాట
దాన్లో ఉండదు.

ఆరయింది.
జెండా దించారు.
కుర్రాళ్ళు హైలెస్సా అంటూ పడవని నీళ్ళకి తోశారు.
దానమ్మ మడమల్లోతు నీళ్ళలో నిలబడి
వల జాగ్రత్తగా అందిస్తోంది.
గుళ్ళు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి.
చీకటిలో ఏవి సీసానివో
ఏవి కావో తెలీలేదు.

కాసేపటికి కెరటాల అవతల వల వేశారు.
అన్నీ మునిగాయి.